తప్పిన పరుగు బాకీ కాదు: లాంగ్ రన్నింగ్ ట్రైనింగ్‌ దెబ్బతిన్నాక మళ్లీ మొదలుపెట్టడం, టార్గెట్ మార్చుకోవడం

జూన్‌లో తొమ్మిది రోజులు నా పరుగు ఆగిపోయింది. పెద్ద కారణమేం లేదు. ఆఫీసులో రిలీజ్, రాత్రి ఒంటిగంట దాకా కాల్స్, పొద్దున నాలుగున్నరకి అలారం మోగితే ఆపేసి మళ్లీ పడుకోవడం. ఆగస్టు చివర్లో హైదరాబాద్ మారథాన్, నా మొదటి ఫుల్ (42.2 కి.మీ.), నాలుగున్నర గంటల్లో పూర్తిచేయాలని టార్గెట్. ఆ తొమ్మిది రోజుల్లో ప్లాన్ ప్రకారం 52 కిలోమీటర్లు పోయాయి. నేనేం చేశానంటే, ఈఎంఐ తప్పితే మర్నెల రెండూ కలిపి కట్టినట్టు, ఆ 52ని తర్వాతి రెండు వారాల్లోకి సర్దేశాను. వారానికి 40 కి.మీ.కి అలవాటుపడ్డ కాళ్లతో ఒకే వారంలో 63 లాగించాను. ఆదివారం కేబీఆర్ పార్క్ దగ్గర మొదలుపెట్టి బంజారాహిల్స్ ఎత్తుపల్లాల్లో 26 కి.మీ. పూర్తిచేసి, ఇంటికొచ్చి, ఇడ్లీ తింటూ కాలు చాపితే మోకాలికీ చీలమండకీ మధ్య, లోపలివైపు ఎముక మీద, సరిగ్గా ఒక్కచోట నొప్పి. వేలు పెట్టి చూపించగలిగేంత కచ్చితంగా ఒక్కచోట.

ఎముక మీద ఒత్తిడి ఎక్కువైంది, ఇంకో రెండు వారాలు ఇలాగే పరుగెత్తి ఉంటే పగులు వచ్చేది అన్నారు డాక్టర్. ఆరు వారాలు పరుగు బంద్. తొమ్మిది రోజుల గ్యాప్ నన్నేమీ చేయలేదు. ఆ గ్యాప్‌ని పూడ్చాలనుకోవడమే చేసింది.

అందుకే ఇది రాస్తున్నా. దెబ్బ తగిలినవాళ్లకి, జ్వరమొచ్చి నెల పోయినవాళ్లకి, రేసు మధ్యలో ఆగిపోయి ఇంటికొచ్చినవాళ్లకి, కారణం లేకుండానే పేస్ (కిలోమీటరుకి పట్టే సమయంతో కొలిచే వేగం) పడిపోయి తల పట్టుకున్నవాళ్లకి. నేను డాక్టర్ని కాను, కోచ్‌ని కూడా కాను. నా మీద నేను చేసుకున్న తప్పులు, రన్నింగ్ గ్రూపులో పదేళ్లుగా చూసినవి, అడిగి తెలుసుకున్నవి, అంతే.

మొదటి మూడు రోజులు ఏ నిర్ణయమూ వద్దు

ప్లాన్ చెడిన రోజు మన బుర్ర రెండే మాటలు చెబుతుంది. "ఇక నావల్ల కాదు", లేదంటే "సోమవారం నుంచి డబుల్ చేస్తా". రెండూ నమ్మకండి. రేసు క్యాన్సిల్ చేయకండి, ఇంకో రేసుకి డబ్బు కట్టకండి, కొత్త షూ ఆర్డర్ పెట్టకండి (మనలో సగంమంది బాధ వచ్చినప్పుడల్లా చేసే పని ఇదే, నాకూ అలా కొన్న రెండు జతలు అటక మీద ఉన్నాయి). యూట్యూబ్‌లో ఎవరో చెప్పిన నొప్పి తగ్గే వ్యాయామాలు ఆ రాత్రే మొదలుపెట్టకండి.

ఒక్క పని చేయండి. డైరీ గానీ యాప్ గానీ తెరిచి వెనక్కి ఆరు వారాలు చూడండి. ఏ వారం ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటల నిద్ర, ఎప్పుడు ప్రయాణాలు, ఎప్పుడు పెళ్లిళ్లు, నొప్పి మొదటిసారి ఎప్పుడు అనిపించింది. నా డైరీలో అయితే ఆ 26 కి.మీ.కి ఐదు రోజుల ముందే "కాలు కొంచెం పట్టేసింది, పర్లేదు" అని నా చేత్తో నేనే రాసుకున్నాను. పర్లేదు అన్న మాట ఎక్కడ కనబడితే అక్కడ వేలు పెట్టి చూడండి, కథ అక్కడే మొదలై ఉంటుంది.

అసలు ఏమైందో తేల్చుకోండి

"ట్రైనింగ్ పాడైంది" అంటే సరిపోదు. గాయమా, జబ్బా, తీరిక లేకపోవడమా, అలసటా, లేక ఉత్త ఎండేనా? ఒక్కోదానికి ఒక్కో దారి ఉంటుంది, ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే మొదటికే మోసం.

గాయం సంగతి ముందు. కండరం నొప్పి విశాలంగా ఉంటుంది, అరచేత్తో చూపిస్తాం. ఎముక నొప్పి వేలితో చూపించగలం. కండరం నొప్పి వేడెక్కాక చాలాసార్లు తగ్గుతుంది. ఎముక నొప్పి పరుగెత్తేకొద్దీ పెరుగుతుంది, ముదిరితే రాత్రి పడుకున్నా సలుపుతుంది. ఒంటికాలి మీద చిన్నగా గెంతితే సరిగ్గా ఆ చోటే గుచ్చుకుంటుంటే పరుగు ఆపేసి స్పోర్ట్స్ గాయాలు చూసే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఎక్స్‌రే క్లియర్‌గా ఉందని సంబరపడకండి. మొదటి రెండు మూడు వారాల్లో ఇలాంటి పగులు ఎక్స్‌రేలో చాలాసార్లు కనబడదు, ఎంఆర్‌ఐలో కనబడుతుంది. గజ్జల్లో లోతుగా, తుంటి కీలు దగ్గర నొప్పి వచ్చి కాలు మోపలేకపోతుంటే మాత్రం మూడు రోజుల ఆలోచన కూడా వద్దు, ఆ రోజే చూపించుకోండి, తొడ ఎముక మెడ (తుంటి కీలుకి ఆనుకున్న సన్నటి భాగం) దగ్గర పగులు విరిగిందంటే ఆపరేషన్ దాకా పోతుంది.

పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టుంటే అది అరికాలి పొర సమస్య, ప్లాంటార్ ఫేషియైటిస్. మొండిది, నెలలు పడుతుంది, కానీ చాలామంది పూర్తిగా మానకుండా తగ్గించుకుని పరుగెత్తుతూనే బయటపడతారు. మడమ వెనక తాడులా తగిలే స్నాయువు (కండరాన్ని ఎముకకి కలిపేది), అకిలిస్, పట్టేస్తే దానికి విశ్రాంతి ఒక్కటే చాలదు. మెల్లగా బరువు అలవాటు చేయాలి, మెట్టు అంచున నిలబడి మడమ ఎత్తి దించడం లాంటివి, ఫిజియో చూపించినట్టు.

జబ్బు. మన ఊళ్లలో వానాకాలం అంటే డెంగీ, చికున్‌గున్యా, ఏదో ఒక వైరల్. జ్వరం ఉండగా పరుగు వద్దే వద్దు, గుండె కండరానికి వాపు వచ్చే ప్రమాదం ఉంది, ఇందులో వాదన లేదు. జలుబు మెడపైనే ఉంటే, ముక్కు కారడం వరకే అయితే, తేలిగ్గా నడవొచ్చు. ఛాతీలో ఉన్నా, ఒళ్లు నొప్పులున్నా పడుకోండి. డెంగీలో అసలు ప్రమాదం జ్వరం తగ్గుతున్నప్పుడే మొదలవుతుంది, జ్వరం పోయింది కదా అని మూడో రోజే రోడ్డెక్కినవాళ్లని చూశాను. ఒళ్లునొప్పులకి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి డెంగీ అనుమానం ఉన్నప్పుడు మింగకూడదు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. చికున్‌గున్యా అయితే కీళ్లనొప్పులు వారాలు, కొందరికి నెలలు ఉంటాయి. ఆ నొప్పిని ట్రైనింగ్ నొప్పి అనుకుని పళ్లు బిగించి పరుగెత్తే పని పెట్టుకోకండి.

గాయం లేదు, జ్వరం లేదు, అయినా రెండు నెలలుగా అదే పేస్‌కి ఆయాసం వస్తోంది, నిద్ర లేచినా అలసటే, మెట్లెక్కితే కాళ్లు బరువు. ఇలా ఉంటే రక్తపరీక్ష చేయించుకోండి. సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్, బి12, డి విటమిన్, థైరాయిడ్. హిమోగ్లోబిన్ బాగుందని ఆగిపోవద్దు, అది మామూలుగా ఉండగానే ఐరన్ నిల్వలు అడుగంటిపోవచ్చు, ఆ నిల్వల లెక్కే ఫెరిటిన్. ల్యాబ్ కాగితంలో నార్మల్ అని చాలా తక్కువ అంకెకి కూడా రాస్తారు, దూరం పరుగెత్తేవాళ్లలో అది 30 కంటే కింద ఉంటే డాక్టర్‌తో ఆ మాట విడిగా ఎత్తండి. ఆడవాళ్లకీ, శాకాహారులకీ ఇది మరీ మామూలు. భోజనంతో పాటే టీ, కాఫీ తాగే అలవాటు తిండిలోని ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. గంట ఆగి తాగండి. ఐరన్ మాత్రలు మాత్రం పరీక్ష లేకుండా సొంతంగా మొదలుపెట్టకండి.

దీనికి ఆనుకునే ఇంకోటి ఉంది. బరువు తగ్గాలని రాత్రి తిండి మానేసి, పొద్దున ఏమీ తినకుండా 15 కి.మీ. పరుగెత్తి, దాన్ని క్రమశిక్షణ అనుకోవడం. ఆడవాళ్లకి నెలసరి ఆగిపోయిందంటే అది ఫిట్‌నెస్ గుర్తు కాదు, ఒంటికి తిండి చాలడం లేదని ఒళ్లే చెబుతోంది, ఆ తర్వాత ఎముకలు పగుళ్లిస్తాయి. ఈ దెబ్బకి మందు ట్రైనింగ్ ప్లాన్‌లో దొరకదు, కంచంలో దొరుకుతుంది.

ఇక ఎండ. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో చాలా రోజులు పొద్దున ఐదింటికే 25 డిగ్రీలు దాటుతుంది. విజయవాడ, విశాఖల్లో అయితే వేడికి ఉక్క తోడు. చల్లబరచడానికి ఒళ్లు రక్తాన్ని చర్మానికి తోలుతుంది, కండరాలకి వాటా తగ్గుతుంది, అదే పేస్‌కి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. జనవరిలో కిలోమీటరుకి 6:10 పరుగెత్తినవాళ్లు మేలో 6:45కి పడితే అది దెబ్బ కాదు, వాతావరణం. నేను ఏటా మేలో మా గ్రూపులో ఒక్కరినైనా ఈ విషయం మీద ఓదారుస్తుంటాను. గడియారం చూడటం మానేసి ఊపిరిని బట్టి పరుగెత్తండి. మాట్లాడుతూ పరుగెత్తగలుగుతుంటే అదే మీ ఈజీ పేస్, అంకె ఎంతైనా.

ఇప్పుడు బాకీ లెక్క చింపేయండి

ట్రైనింగ్ అంటే కిలోమీటర్లు పోగేసుకోవడం అనుకుంటాం కాబట్టి పోయినవి తెచ్చి మళ్లీ పోగెయ్యాలనిపిస్తుంది. ఒళ్లు అలా లెక్క రాసుకోదు. ఈ వారం పెట్టిన ఒత్తిడి ఎంత, పోయిన మూడు నాలుగు వారాలుగా అలవాటైన ఒత్తిడి ఎంత అన్నదే దానికి తెలుసు. రెండూ దగ్గరగా ఉంటే బలపడుతుంది, మధ్యలో అగాధం ఉంటే విరుగుతుంది. తొమ్మిది రోజులు మానేసి 63 కొట్టానంటే, గ్యాప్ వల్ల నా అలవాటు కిందకి జారిన సమయంలోనే బరువు పైకి ఎత్తానన్నమాట. గోరుచుట్టు మీద రోకటిపోటు.

పైగా మానేసినప్పుడు మనం భయపడినంత పోదు. మొదటి వారం పది రోజుల్లో ముఖ్యంగా తగ్గేది రక్తంలోని నీటిభాగం, అందుకే తిరిగొచ్చిన మొదటి రెండు పరుగుల్లో గుండె దడదడలాడుతుంది. అది కొద్దిరోజుల్లోనే తిరిగొస్తుంది. రెండు వారాలు దాటాక అసలు ఫిట్‌నెస్ తగ్గడం మొదలవుతుంది, అప్పుడు కూడా ఏళ్లుగా కట్టుకున్నదంతా ఒక్కసారి కూలిపోదు.

నేను ఇప్పుడు పాటించే లెక్క ఇది. ఐదారు రోజులు పోతే, కారణం తీరిక లేకపోవడమే అయితే, ప్లాన్‌లో ఆ రోజులు కొట్టేసి ఇవాళ్టి తేదీ దగ్గర ఏముందో అది చేస్తాను, పోయిన లాంగ్ రన్‌ని (వారంలో అన్నిటికంటే పొడవైన పరుగు) బుధవారం ఇరికించను. వారం నుంచి రెండు వారాలు పోతే మొదటి వారం సగం దూరం, రెండోవారం ముప్పాతిక, అంతా ఈజీగానే, ఆ తర్వాతే టెంపో, ఇంటర్వల్స్ లాంటి వేగం పరుగులు. రెండు నుంచి నాలుగు వారాలు పోతే సగం కంటే కాస్త తక్కువతో మొదలుపెట్టి, ఎన్ని వారాలు పోయాయో అన్ని వారాలు తీసుకుని పాత దూరానికి చేరతాను. నెల దాటినా, కారణం ఎముకే అయినా, పాత ప్లాన్ కాగితం చింపేసి నడక నుంచి మొదలు.

రేసుకి రెండు వారాలే ఉన్నప్పుడు 32 కి.మీ. లాంగ్ రన్ మిస్సయిందని ఆ వారమే దాన్ని కొట్టేద్దామనుకోవడం దింపుడుకళ్లం ఆశ. ఆ పరుగు వల్ల వచ్చే లాభం రేసు నాటికి చేతికి అందదు, అలసట మాత్రం తప్పకుండా వెంట వస్తుంది.

నడక నుంచి పరుగుకి

డాక్టర్ సరే అన్నాక కూడా వెంటనే పరుగు వద్దు. ముందు నాలుగు పరీక్షలు ఇంట్లోనే పెట్టుకోండి: 45 నిమిషాలు వేగంగా నడిస్తే నొప్పి లేదా? మెట్లు దిగితే లేదా? గాయమైన ఆ ఒక్క కాలి మీదే నిలబడి మడమ 20 సార్లు ఎత్తగలరా? ఆ కాలి మీద పదిసార్లు చిన్నగా గెంతితే లేదా? ఏ ఒక్కటి కాకపోయినా ఇంకో వారం ఆగండి.

తర్వాత ఒక నిమిషం జాగింగ్, రెండు నిమిషాలు నడక, ఇలా పదిసార్లు, మొత్తం అరగంట. రోజు విడిచి రోజు. దీన్ని మూడుసార్లు నొప్పి లేకుండా చేశాకే రెండు నిమిషాల జాగింగ్, ఒక నిమిషం నడక. ఆ తర్వాతి మెట్టు మూడు నిమిషాల జాగింగ్‌కి ఒక నిమిషం నడక, ఆ తర్వాత ఐదుకి ఒకటి, ఆ తర్వాత పదికి ఒకటి. ఒక్కో మెట్టు మీద మూడు సార్లు, ఐదు మెట్లు, అంతా సాఫీగా జరిగితే నెల రోజులు. నాకు ఆరు వారాలు పట్టింది, ఎందుకంటే మూడో మెట్టు దగ్గర ఒకసారి వెనక్కి రావాల్సి వచ్చింది. సమతలంగా ఉండే చోటు ఎంచుకోండి. హైదరాబాద్‌లో అయితే నెక్లెస్ రోడ్, వైజాగ్‌లో అయితే బీచ్ రోడ్ మీద పొద్దున బండ్లు ఆపేసే వేళ. ఇసుకలో మాత్రం పరుగెత్తకండి, మెత్తగా ఉంది కదా అనిపిస్తుంది కానీ పిక్కల మీద, అకిలిస్ మీద భారం పెరుగుతుంది.

నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేయండి. కండరం, స్నాయువు నొప్పి అయితే పరుగులో రెండు లోపు ఉండి మర్నాడు పొద్దుటికి పోతే ముందుకి వెళ్లొచ్చు. మూడు, నాలుగు వచ్చినా, మర్నాడు మిగిలి ఉన్నా కింది మెట్టుకి దిగండి. కుంటుతున్నారంటే మార్కులతో పనిలేదు, ఆటో ఎక్కి ఇంటికి రండి. ఎముక విషయంలో ఈ రాయితీ లేదు, అక్కడ ఒకటి వచ్చినా ఆపడమే. ఇంకో మాట, మాత్ర వేసుకుని నొప్పి తెలియకుండా పరుగెత్తడం లెక్కలోకి రాదు. ఎండలో నీళ్లు తక్కువైన ఒంటికి ఆ పెయిన్‌కిల్లర్లు కిడ్నీల మీద దెబ్బ కూడా.

ఇందులో అందరూ పడే గొయ్యి నాలుగో వారం దగ్గర ఉంటుంది. ఊపిరి త్వరగా తిరిగొస్తుంది. గుండె, ఊపిరితిత్తులు "పద పద" అంటాయి, ఎముక, స్నాయువు ఇంకా నెలల వెనకే ఉంటాయి. "ఇవాళ భలే తేలిగ్గా ఉంది" అనిపించిన రోజు అదనంగా రెండు కిలోమీటర్లు కొట్టకండి. మా గ్రూపులో రెండోసారి గాయపడ్డవాళ్లలో ఎక్కువమంది ఆ తేలిగ్గా అనిపించిన రోజు బాధితులే.

పరుగు లేని ఆ వారాల్లో ఏం చేయాలంటే, నాకు సైకిల్, ఈత రెండూ కుదిరాయి. ఈత రానివాళ్లు కూడా ఛాతీ లోతు నీళ్లలో నిలబడి పరుగులాగా కాళ్లు ఆడించొచ్చు, విసుగొస్తుంది, పనిచేస్తుంది. వారానికి రెండుసార్లు గుంజీలు, మడమలెత్తడం, ఒంటికాలి మీద నిలబడటం, తుంటి పక్క కండరాలకి వ్యాయామం. బడిలో తప్పు చేస్తే గుంజీలు తీయించేవాళ్లు, నలభై దాటాక తెలిసింది తప్పు చేయకముందే తీయాలని.

టార్గెట్ మార్చుకోవడం ఎలా

ఇక్కడ చాలామంది రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు. పాత టార్గెట్‌ని అలాగే పట్టుకు వేలాడటం, లేదా పూర్తిగా వదిలేసి "ఇక ఊరికే ఫిట్‌నెస్ కోసం" అనడం. టార్గెట్‌లో మూడు భాగాలుంటాయి: దూరం, తేదీ, టైమ్. మూడూ ఒకేసారి మార్చక్కర్లేదు. ఏ ఒక్కటి మారిస్తే మిగతా రెండూ నిలబడతాయో చూడండి.

నా లెక్క చెబుతా. ఫుల్, ఆగస్టు, 4:30. ఇందులో ముందు ఆ 4:30 ఎక్కడినుంచి వచ్చింది? నా హాఫ్ మారథాన్ (21.1 కి.మీ.) టైమ్ 2:10. రన్నర్లు వాడే రీగల్ ఫార్ములా ఒకటుంది, పాత టైమ్‌ని కొత్త దూరం, పాత దూరం నిష్పత్తికి 1.06 ఘాతంతో గుణించడం. హాఫ్ నుంచి ఫుల్‌కి అయితే 2.085తో గుణిస్తే చాలు. 130 నిమిషాలకి 271 వస్తుంది, అంటే 4:31. అలా పుట్టింది నా నాలుగున్నర. కానీ ఆ లెక్క ఫుల్‌కి సరిపడా ట్రైనింగ్ చేసినవాళ్లకి, చల్లటి రోజుకి, చదునైన రోడ్డుకి. వారానికి 40 చేసేవాడికి, ఆగస్టు ఉక్కలో, నెక్లెస్ రోడ్ నుంచి గచ్చిబౌలి దాకా ఫ్లైఓవర్లు, ఎత్తులు ఎక్కుతూ పోయే దారిలో అది మొదటినుంచీ పగటికల. నా గాయం టార్గెట్‌ని చెడగొట్టలేదు, అది చెడ్డదని ఎత్తిచూపింది.

అందుకని తేదీ మార్చాను, దూరం తాత్కాలికంగా తగ్గించాను. ఆగస్టు రేసు రోజు ఒక నీళ్ల పాయింట్ దగ్గర వాలంటీర్‌గా నిలబడ్డాను. మొదటి అరగంట ఏడుపొచ్చింది, తర్వాత కప్పులు నింపడంలో పడి మర్చిపోయాను. సెప్టెంబర్‌లో నడక-పరుగు, అక్టోబర్, నవంబర్ ఈజీ కిలోమీటర్లు, జనవరి చలిలో ఒక హాఫ్. మన దగ్గర డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా చల్లగా ఉంటుంది, జనవరి మూడో ఆదివారం ముంబై మారథాన్ ఉండనే ఉంది, దెబ్బతిన్నవాళ్లు ఆగస్టు రేసు పోయిందని ఏడాది పోయినట్టు కూర్చోనక్కర్లేదు. ఆ హాఫ్ 2:14లో పూర్తయింది. పాత టైమ్ కంటే నాలుగు నిమిషాలు ఎక్కువ, గాయం తర్వాత పరుగెత్తిన మొదటి రేసు, ఆ సర్టిఫికెట్‌నే ఫ్రిజ్ మీద అతికించాను.

కొత్త టార్గెట్ రాసుకునేటప్పుడు మూడు అంకెలు రాయండి. అన్నీ కలిసొస్తే ఎంత, మామూలుగా జరిగితే ఎంత, ఏదీ కలిసిరాకపోయినా దేనితో తృప్తిపడతారు. మూడోది టైమ్ కాకుండా ఉంటే మంచిది. చివరి ఐదు కిలోమీటర్లు నడవకుండా, లేదా కుంటకుండా ఇంటికి రావడం, అలాంటిది. రేసు కంటే ముందు ఇంకో టార్గెట్ కూడా పెట్టుకోండి, మీ చేతిలో ఉండేది: వారానికి నాలుగు పరుగులు, రెండుసార్లు కండరాల వ్యాయామం, రాత్రి పదిన్నరకి పడక, ఇలా ఎనిమిది వారాలు. రేసు రోజు వాన పడొచ్చు, ఎండ కాయొచ్చు. పదిన్నరకి పడుకోవడం మాత్రం మన పనే (రిలీజ్ వారం తప్ప, నాకు తెలుసు).

పెద్దవాళ్ల కథలు వినండి, కానీ ప్లాన్ కాపీ కొట్టకండి

2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్ మారథాన్‌లో కెన్యా రన్నర్ ఎలియుడ్ కిప్చోగే, అంతకుముందు రెండు ఒలింపిక్స్‌లో వరసగా స్వర్ణం గెలిచినవాడు, 30 కి.మీ. దాటాక నడుము నొప్పితో ఆగిపోయాడు. మారథాన్ మధ్యలో ఆగడం ఆయన జీవితంలో అదే మొదటిసారి. తర్వాతి ఏప్రిల్‌లో లండన్‌లో మళ్లీ లైన్ మీద నిలబడి ఆరో స్థానంలో వచ్చాడు. బ్రిటన్ రన్నర్ పౌలా రాడ్‌క్లిఫ్ 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో గెలుస్తుందని అందరూ అనుకున్న మారథాన్‌లో రోడ్డు పక్కన కూర్చుండిపోయింది, అదే నవంబర్‌లో న్యూయార్క్ గెలిచింది. షలేన్ ఫ్లానగన్ 2017లో ఎముక పగులుతో బోస్టన్ మారథాన్ వదులుకుని, ఆ నవంబర్‌లోనే న్యూయార్క్ గెలిచింది, 40 ఏళ్లలో అక్కడ గెలిచిన మొదటి అమెరికన్ మహిళ.

ఇవి చదివితే నాకూ ఊపొస్తుంది. అయితే వాళ్ల పని అదొక్కటే, మధ్యాహ్నం నిద్ర ట్రైనింగ్‌లో భాగం, ఫిజియో పక్కనే ఉంటాడు. ఆగస్టులో ఆగి నవంబర్‌లో గెలవడం చూసి మనమూ మూడు నెలల్లో అనుకుంటే పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టే. వాళ్లనుంచి తీసుకోదగ్గది ఒకటుంది: రేసు మధ్యలో ఆగడాన్ని వాళ్లు నిర్ణయంగా చూస్తారు. మనం ముందురోజే ఆ నిర్ణయం రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే 30వ కిలోమీటర్ దగ్గర బుర్ర పనిచేయదు. నా జేబులో ఉండే చీటీ: నడక తీరు మారిపోయే నొప్పి, ఛాతీలో నొప్పి, తల తిరగడం, ఎండలో చెమట పోయడం ఆగి వణుకు రావడం, మాట తడబడటం. ఇందులో ఏదొచ్చినా ఆగి మెడికల్ టెంట్‌కి పోవాలి. ఒళ్లు బరువెక్కడం, విసుగు, పక్కవాడు దాటిపోవడం ఆ చీటీలో లేవు.

చుట్టూ ఉన్నవాళ్లు

వాట్సాప్ గ్రూపుని కొన్నాళ్లు మ్యూట్ చేయండి, అందులోంచి బయటికి మాత్రం వచ్చేయకండి. పొద్దున ఆరున్నరకి ఇరవైమంది 20 కి.మీ. స్క్రీన్‌షాట్లు పెడుతుంటే కాలు చాపుకుని చూడటం కష్టం. కానీ ఆదివారం పరుగయ్యాక అందరూ టిఫిన్‌కి కూర్చునే చోటికి బండి మీద వెళ్లండి. పరుగు లేకపోయినా దోశ ఉంటుంది, మాట ఉంటుంది, మీలాగే గాయపడి తిరిగొచ్చిన ఒక అక్కో అన్నో కనబడతారు, వాళ్లు చెప్పేవి పది వీడియోల పెట్టు.

ఇంట్లో "ఈ వయసులో ఎందుకురా నీకిది" అంటారు. మా అమ్మ ఇప్పటికీ అంటుంది. వాదించకుండా, వాళ్లకి ఒక పని అప్పజెప్పండి. మా ఆవిడకి నేను ఇచ్చిన అధికారం ఏంటంటే, మెట్లు దిగేటప్పుడు నేను కుంటుతున్నట్టు తనకి కనబడితే ఆ రోజు షూ తన బీరువాలోకి పోతుంది. నేను "పర్లేదు" అనడానికి వీల్లేదు. ఏడాదిన్నరలో మూడుసార్లు పోయింది, మూడుసార్లూ తనే కరెక్ట్.

చివరిగా డబ్బు కట్టే విషయం. ఎర్లీ బర్డ్ ఆఫర్ (ముందే కడితే తగ్గింపు) చూసి గాయం మానకముందే తర్వాతి రేసుకి కట్టేస్తే, ఆ రెండు వేల కోసం కాలు పణంగా పెడతాం, నేను పెట్టాను. ఇప్పుడు నా నియమం: నొప్పి లేకుండా వరసగా నాలుగు వారాలు, వారానికి నాలుగు పరుగులు, డైరీలో టిక్కులు పడాలి. మొత్తం పదహారు టిక్కులు. ఒక వారం తప్పితే మళ్లీ ఒకటి నుంచి లెక్క. పదహారో టిక్కు పడ్డ సాయంత్రమే రిజిస్ట్రేషన్ పేజీ తెరుస్తాను. ఇవాళ్టికి పదకొండు అయ్యాయి.